అరిగిన పళ్ళకు కొత్త ఎత్తు: పూర్తి నోటి చికిత్సలో డిజిటల్ పరికరాలు చేసే పని

పళ్ళన్నీ అరిగిపోయిన మనిషికి కొత్త పళ్ళు కట్టడం ఒక పని. ఆ పళ్ళు ఏ ఎత్తులో, దవడ ఏ స్థానంలో ఉన్నప్పుడు ఒకదానినొకటి కలవాలో తేల్చడం మరొక పని. మొదటిది అద్దంలో కనిపిస్తుంది కాబట్టి చికిత్స అంటే అదేనని చాలామంది అనుకుంటారు. నల్లగొండలో ప్రోస్తోడాంటిస్టుగా, అంటే కట్టుడు పళ్ళ నిపుణుడిగా, పని చేస్తున్న నాకు ఎక్కువ సమయమూ, ఎక్కువ ఆలోచనా రెండోదానికే పడతాయి. స్కానర్లు, పళ్ళను చెక్కే మిల్లింగ్ యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు మన జిల్లాలకు కూడా వచ్చాక, ‘సార్, కంప్యూటర్‌తోని ఒక్క రోజుల నోరంత క్యాపులు ఏస్తరట గద’ అని అడిగేవారు పెరిగారు. ఓపీలో పక్కన పదిమంది కూర్చుని ఉండగా తృప్తిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పరికరాల అసలు విలువ వేగంలో లేదు. రోగి కొన్ని నెలలపాటు తాత్కాలిక పళ్ళతో తిని, మాట్లాడి, నిద్రపోయి, ఇది నాకు బాగుంది అని ఒప్పుకున్న పళ్ళ కలయికను ఏ మార్పూ లేకుండా చివరి పళ్ళలోకి చేర్చగలగడంలోనే వాటి విలువ ఉంది.

మా ప్రాంతంలో ఈ చికిత్స అవసరమయ్యేవారిలో మొదట చెప్పవలసింది ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరం గురించి. తెలుగునాట ఆ నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు 1937లోనే వైద్యపత్రికలకు ఎక్కింది. అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దానిని నమోదు చేశారు. తరవాతి కాలంలో నల్లగొండ పేరే ఈ జబ్బుకు గుర్తుగా మారింది. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించిన నాగపూర్ నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే పెట్టింది. ఇప్పుడు నల్లాల్లో నదీజలాలు వస్తున్నాయి, పిల్లల పళ్ళు తెల్లగా మొలుస్తున్నాయి, అది చూసినప్పుడల్లా నాకు నిజంగా సంతోషం కలుగుతుంది. అయితే శాశ్వత దంతాల మీది గట్టి పైపొర, అంటే ఎనామెల్, చాలావరకు పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళలోపే తయారవుతుంది. ఆ వయసులో బోరునీళ్ళు తాగినవారు ఇవాళ నలభై, యాభై దాటినా ఆ నష్టాన్ని నోట్లో మోస్తూనే ఉన్నారు. గోధుమరంగు మచ్చలు అందరికీ కనిపిస్తాయి కానీ అసలు నష్టం వాటి వెనక ఉంటుంది. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పలచని పైపొర కింద ఎనామెల్ గుల్లగా ఉంటుంది, పన్ను మొలిచాక నములుతున్న కొద్దీ అది పెచ్చులుగా ఊడిపోతుంది, లోపలి మెత్తని డెంటిన్ బయటపడుతుంది, అక్కడినుంచి అరుగుదల వేగంగా సాగుతుంది.

మిగతా కారణాలు అన్ని ఊళ్ళలోనూ ఉన్నవే. నిద్రలో పళ్ళు కొరికేవారు, ఏళ్ళతరబడి వక్క నమిలేవారు, గుట్కా అలవాటున్నవారు, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతూ ఉండేవారు, కూల్‌డ్రింకులు మానలేనివారు, దౌడపళ్ళు తీయించుకుని ఖాళీ వదిలేయడం వల్ల నమిలే భారమంతా ముందుపళ్ళ మీద పడినవారు వస్తుంటారు. ఒకే నోట్లో వీటిలో రెండు మూడు కారణాలు కలిసి ఉండటమే ఎక్కువ. ఏ కారణమో తేల్చకుండా క్యాపులు వేస్తే, పళ్ళను తిన్న ఆ కారణమే క్యాపులనూ తింటుంది.

ఇక్కడ రోగులకే కాక కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన దంతవైద్యులకు కూడా తికమక కలిగించే సంగతి ఒకటి ఉంది. పళ్ళు 3 మిల్లీమీటర్లు అరిగాయంటే ముఖం కింది భాగం ఎత్తు కూడా అంతే తగ్గిందని అర్థం కాదు. అరుగుదల నెమ్మదిగా జరిగితే పన్ను తన చుట్టూ ఉన్న ఎముకతో సహా మెల్లగా ఎదుటి పన్ను వైపు జరుగుతూ వస్తుంది, దాంతో పళ్ళు పొట్టివైనా ముఖం ఎత్తు దాదాపు అలాగే నిలిచి ఉంటుంది. 1984లో టర్నర్, మిస్సిర్లియన్ అనే ఇద్దరు ఇలాంటి నోళ్ళను మూడు రకాలుగా విభజించారు. ఎత్తు నిజంగా తగ్గినవి, ఎత్తు తగ్గకపోయినా కొత్త పళ్ళకు కొంత చోటు దొరికేవి, ఎత్తూ తగ్గక చోటూ లేనివి అనే ఆ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. మూడో రకమే అన్నిటికంటే కష్టమైనది. స్కానర్ ఎంత ఖరీదైనదైనా ఈ మూడింటిలో ఏదో చెప్పదు. దాన్ని రోగి పాత ఫోటోలు, పెదవుల తీరు, మాట, విశ్రాంతిగా ఉన్నప్పుడు దవడల మధ్య మిగిలే ఖాళీ చూసి మనిషే తేల్చాలి.

విశ్రాంతిగా ఉన్న మనిషి పళ్ళు ఒకదానికొకటి తాకవు. సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. కొత్త పళ్ళ ఎత్తు ఆ ఖాళీని పూర్తిగా మింగేయకూడదు. ఎత్తును 5 మిల్లీమీటర్ల వరకు పెంచినా చాలామంది అలవాటు పడతారని చికిత్సానుభవం చెబుతోంది కానీ, ఎంత పెంచవచ్చో దానికంటే ఎంత పెంచితే పని జరుగుతుందో ఆలోచించడం మంచిది. దీనికి నేను ఎక్కువగా నమ్మేది మాటను. ‘స’ పలికేటప్పుడు కింది ముందుపళ్ళ అంచులు పైపళ్ళకు ఒక మిల్లీమీటరు దూరం దాకా వచ్చి, తాకకుండా ఆగుతాయి. అక్కడ పళ్ళు టక్కుమని తాకితే ఎత్తు ఎక్కువైందని తెలుస్తుంది. ఇంగ్లీషు పుస్తకాలు అరవై నుంచి డెబ్బై దాకా లెక్కపెట్టించమంటాయి, ఎందుకంటే ఆ భాషలో ఆ అంకెలనిండా ‘స’ ధ్వనే ఉంటుంది. మన అరవై ఆరులో ఆ ధ్వని లేదు. అందుకే నేను సీసా, సాసవలు, సన్నని సూది అనిపిస్తాను. ‘ఆఫీసు’ అనే ఒక్క మాటలో ‘ఫ’, ‘స’ రెండూ దొరుకుతాయి కాబట్టి పైపళ్ళ అంచు కింది పెదవిని ఎక్కడ తాకుతోందో కూడా దానితోనే చూడవచ్చు. దీన్నంతా ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూస్తాను. డిజిటల్ పరికరాల్లో నాకు అన్నిటికంటే చవగ్గా దొరికి, ఎక్కువ ఉపయోగపడినది ఆ ఫోన్ కెమెరాయే.

ఎత్తు తేలాక దవడ స్థానం తేలాలి. ఏళ్ళతరబడి అరిగిన పళ్ళతో నమిలినవారు ఎక్కడో ఒకచోట పళ్ళు పట్టు దొరకడం కోసం కింది దవడను ముందుకో పక్కకో జరిపి నమలడం నేర్చుకుంటారు. కండరాలు ఆ దారికి అలవాటు పడిపోతాయి. ఆ అలవాటును మరిపించకుండా తీసిన కొలత మీద నోరంతా కడితే, కొన్ని వారాల తరవాత కండరాలు సడలి దవడ కీలులో తన సహజస్థానానికి వెళ్ళినప్పుడు పళ్ళు వేరే చోట కలుస్తాయి. అందుకే ముందుపళ్ళ మధ్య పలచని ప్లాస్టిక్ రేకుల కట్టనో, చిన్న అక్రిలిక్ దిమ్మనో పెట్టి, వెనక పళ్ళు తాకకుండా కాసేపు ఉంచుతాం. కీలులో నొప్పి, చప్పుడు ఉన్నవారికి కొన్ని వారాలపాటు రాత్రిపూట పళ్ళ మీద పెట్టుకునే స్ప్లింట్ అనే తొడుగు ఇస్తాం. ఇదంతా డిజిటల్ యుగానికి చాలా ముందునుంచీ ఉన్న పని, ఇప్పటికీ దీన్ని తప్పించుకునే దారి లేదు. కొత్తగా వచ్చిన సౌకర్యం ఏమిటంటే ఆ స్ప్లింట్‌ను స్కాన్ నుంచి డిజైన్ చేసి ప్రింట్ చేయవచ్చు, పగిలితే అదే ఫైలుతో మళ్ళీ తీయవచ్చు.

ఇప్పుడు స్కానర్ సంగతి. పంటి కొలతను కాంతితో తీయవచ్చని ఫ్రాన్సుకు చెందిన ఫ్రాన్స్వా ద్యురే 1970ల తొలినాళ్ళలోనే ప్రతిపాదించారు. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్, ఇంజనీరు మార్కో బ్రాండెస్టీనితో కలిసి రూపొందించిన సెరెక్ యంత్రంతో, రోగి కుర్చీలో ఉండగానే పింగాణీ ఫిల్లింగ్ తయారుచేసి పెట్టారు. ఆనాడు ఒక పన్నుకు సాధ్యమైనది ఇవాళ నోరంతటికీ సాధ్యమవుతోంది. స్కానర్ ఒకేసారి నోరంతా చూడదు. చిన్న చిన్న భాగాలను వెంటవెంటనే చిత్రిస్తూ, ఒక దానిలోని గుర్తులను పక్కదానితో పోల్చి కుట్టుకుంటూ పోతుంది. ఒక పన్ను దగ్గర ఈ కుట్టు చాలా కచ్చితంగా ఉంటుంది. కుడి చివరి దౌడపన్ను నుంచి ఎడమ చివరి దాకా వెళ్ళేసరికి చిన్న చిన్న తేడాలు కూడుకుని వరుస చివర్లలో కొన్ని పదుల మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వంకర చేరవచ్చు. పైగా అరిగి చదునైన పళ్ళ మీద గుర్తుపట్టడానికి గుంటలూ మిట్టలూ తక్కువ. పళ్ళు లేని ఖాళీ చిగురు మీద ఇంకా తక్కువ. అంటే స్కానర్‌కు ఎక్కడ కష్టమో సరిగ్గా అలాంటి నోరే మనకు చికిత్సకు వస్తుంది. చాలామంది పళ్ళు తమ మధ్య పెట్టిన 20 మైక్రాన్ల పలచని రేకును కూడా పసిగడతాయి కాబట్టి, పదుల మైక్రాన్లే కదా అని వదిలేయడానికి వీల్లేదు. తయారీదారు చెప్పిన దారిలోనే, ముందు నమిలే తలం, తరవాత లోపలి వైపు, ఆ తరవాత చెంప వైపు స్కానర్‌ను నడపడం, లాలాజలాన్ని ఎప్పటికప్పుడు ఆరబెట్టడం, నాలుక అడ్డం రాకుండా చూడటం మొదట్లో చాదస్తంగా అనిపించవచ్చు. ఆ చాదస్తమే తరవాత గంటలతరబడి అరగదీసే పనిని తప్పిస్తుంది.

ముద్ద పెట్టి కొలత తీసే పాత పద్ధతిలో వాంతి వచ్చేవారికి స్కానర్ గొప్ప ఊరట అన్నది నిజం. అయితే నేను అంతకంటే ఎక్కువ జాగ్రత్తగా చూసేది పైపళ్ళను, కింది పళ్ళను విడివిడిగా స్కాన్ చేసిన తరవాత, రెండూ కలిసి ఉండగా చెంప వైపునుంచి తీసే బైట్ స్కాన్‌ను. రోగి గట్టిగా కరిస్తే పళ్ళు తమ గుంటల్లో కొద్దిగా కిందికి నొక్కుకుంటాయి, మెల్లగా కరిస్తే ఒక పక్క తేలుతుంది. ఈ రెండింటి మధ్య సాఫ్ట్‌వేర్ ఒక మేలు చేస్తున్నానని ఇంకో చిక్కు తెస్తుంది. తెరమీద పైపన్ను, కింది పన్ను ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు కనిపిస్తే, వాటిని కొంచెం జరిపి సర్దేస్తుంది, దాంతో చిత్రం చక్కగా ఉంటుంది కానీ నోటికీ దానికీ పొంతన ఉండదు. అందువల్ల స్కాన్‌కు ముందే 8 మైక్రాన్ల లోహపు రేకును పళ్ళ జతలన్నిటి మధ్యా పెట్టి, ఏ జత దాన్ని గట్టిగా పట్టుకుంటోందో, ఏ జత మధ్యనుంచి అది జారి వస్తోందో కాగితం మీద రాసుకుంటాను. తరవాత తెరమీద కనిపించే రంగు గుర్తులతో ఆ కాగితాన్ని పోల్చుతాను. నోట్లో రేకు జారిన చోట తెరమీద గట్టిగా తాకినట్టు ఎర్రని మచ్చ ఉంటే బైట్ మళ్ళీ తీయవలసిందే. ఈ పోలికకు కొన్ని నిమిషాలు చాలు, అయినా దీన్ని మానేసేవారే ఎక్కువ.

ఎత్తు పెంచే విషయంలో కూడా ఇలాంటి మెలకువే కావాలి. తెరమీద కింది దవడను ఒక మీట జరిపినంత తేలిగ్గా తెరవవచ్చు. వెనక ఒక మిల్లీమీటరు తెరిస్తే ముందు దాదాపు రెండు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. అయితే దవడ ఏ ఇరుసు చుట్టూ తిరుగుతోందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఏమీ చెప్పకపోతే అది సగటు లెక్కను వాడుకుంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా దంతవైద్యుడు బాన్‌విల్ రెండు దవడ కీళ్ళనూ, కింది ముందుపళ్ళ మధ్యబిందువునూ కలిపి గీసిన సుమారు 10 సెంటీమీటర్ల సమబాహు త్రిభుజం ఆ సగటు లెక్కల్లో ఇంకా బతికే ఉంది. ఆ సగటుకు దూరంగా ఉన్న మనిషికి తెరమీద పెంచిన ఎత్తు నోట్లో వేరుగా వస్తుంది. కాబట్టి పెంచదలచిన ఎత్తులోనే, నోట్లోనే, దవడను సహజస్థానంలో నిలిపి బైట్ రికార్డు తీసి స్కాన్ చేస్తే ఈ దోషం చాలావరకు పోతుంది. దవడ కీళ్ళకు పైపళ్ళు ఎక్కడ ఉన్నాయో ఫేస్‌బోతో తీసిన కొలతను ఆర్టిక్యులేటర్‌కు, అంటే దవడల కదలికను అనుకరించే పరికరానికి, ఎక్కించడం, లేదా ముఖం స్కాన్‌నూ, అవసరమున్నవారికి సీబీసీటీ అనే త్రీడీ ఎక్స్‌రేనీ పళ్ళ స్కాన్‌తో కలపడం ఇంకొంచెం మెరుగు. దవడ కదలికను కెమెరాలతో నేరుగా పట్టే మాడ్‌జా, జెబ్రిస్ వంటి పరికరాలు ఉన్నచోట ఆ మనిషి సొంత కదలికే తెరమీదికి వస్తుంది. నోరంతా కట్టే పెద్ద పనికి అది నిజమైన మేలు, కానీ అది లేకపోతే చికిత్సే చేయకూడదని నేననను.

ఒక రోగి విషయం దగ్గరగా చెబితే మిగతాదంతా స్పష్టమవుతుంది. ఆమె దేవరకొండ వైపునుంచి వచ్చిన బడిపంతులమ్మ, యాభై దాటిన వయసు, ఫ్లోరోసిస్ మచ్చలున్న పళ్ళు, దానికి తోడు నిద్రలో పళ్ళు కొరికే అలవాటు. పైముందుపళ్ళు సగానికి పైగా పోయాయి. నవ్వితే పెదవి కింద పన్ను కనిపించేది కాదు. చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనేవి, జొన్నరొట్టె నమలలేక పాలలో నానబెట్టుకుని తినేవారు. స్ప్లింట్‌తో కండరాలు సడలాక, ముందుపళ్ళ దగ్గర 3 మిల్లీమీటర్ల ఎత్తు పెంచే డిజైన్ తయారుచేశాం. దాన్ని ప్రింట్ చేసి, ఆ అచ్చు మీద సిలికాన్ తొడుగు పోసి, ఆ తొడుగులో తాత్కాలిక రెసిన్ నింపి, పళ్ళను ఏమాత్రం అరగదీయకుండానే ఆమె నోట్లో కూర్చోబెట్టాం. అద్దం చూసుకుని ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, ‘సార్, పళ్ళు మంచిగున్నయి, కానీ ఇవి నా చిన్నప్పటి పళ్ళ లెక్క లేవు, జర పెద్దగున్నయి’ అన్నారు. పెళ్ళినాటి ఫోటో తెప్పించి చూస్తే ఆమె మాట నిజమే. ముందుపళ్ళ పొడవు ముప్పావు మిల్లీమీటరు తగ్గించి, అంచులను కొంచెం గుండ్రంగా చేశాం. ప్లాస్టర్, మైనంతో అయితే మళ్ళీ మొదలుపెట్టవలసిన పని తెరమీద మధ్యాహ్నంలోగా పూర్తయింది. తిరగరాయడం ఇంత తేలికైతే రోగి మాటను నిజంగా వినే ఓపిక వైద్యుడికి వస్తుంది. ఈ పరికరాల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చే గుణాల్లో ఇదొకటి.

ఆ తరవాత పళ్ళను సిద్ధంచేసి, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ దిమ్మనుంచి మిల్లింగ్ చేసిన తాత్కాలిక పళ్ళు అతికించాం. వీటిని ఆమె దాదాపు నాలుగు నెలలు వాడారు. ఈ దశలోనే నిజమైన పరీక్ష జరుగుతుంది కాబట్టి దీన్ని కుదించమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను. మొదటి వారంలో ‘కుడిపక్క ఏదో ముందుగాల తాకుతంది సార్’ అన్నారు. కార్బన్ పేపర్ పెట్టి చూస్తే రెండు పక్కలా గుర్తులు పడ్డాయి. ఇక్కడ తెలుసుకోవలసినది ఏమిటంటే, కాగితం మీద పెద్ద మచ్చ పడితే అక్కడ ఎక్కువ బలం పడుతోందని అర్థం కాదు. చిన్న చుక్క దగ్గరే బలమంతా ఉండవచ్చు. 1980ల చివర్లో అమెరికాలో వచ్చిన టీ-స్కాన్ అనే పరికరం ఈ లోటును పూరిస్తుంది. పళ్ళ మధ్య పెట్టే పలచని సెన్సర్ రేకు ఏ పన్ను ముందు తాకింది, మొత్తం బలంలో ఏ పక్కన ఎంత వాటా పడింది అన్నది క్షణక్షణానికీ చూపిస్తుంది. ఆమె నోట్లో కుడి రెండో దౌడపన్ను మిగతావాటికంటే ముందే తాకుతోందని తెలిసింది. కార్బన్ పేపర్ చూపిన చుక్కల్లో ఏ చుక్కను తీయాలో దానివల్ల తేలింది. సెన్సర్ చూపేది వాటాలనే, కిలోల లెక్కలో బలాన్ని కాదు. పైగా దాని మందం దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి కాగితాన్నీ, లోహపు రేకునూ పక్కన పెట్టేసి దాన్నొక్కదాన్నే నమ్మడం సరికాదు.

రెండో నెలలో తరగతి గదిలో పాఠం చెబుతున్న వీడియో ఆమె తెచ్చి చూపించారు. ‘స’, ‘శ’ స్పష్టంగా ఉన్నాయి. మూడో నెలలో ఎడమ కోరపన్ను తాత్కాలిక క్యాపు మీద మెరిసే చదును ఒకటి కనిపించింది. నిద్రలో దవడను ఎటు జరుపుతున్నారో ఆ చదునే చెప్పింది. తాత్కాలిక పళ్ళు మెత్తగా ఉండటంలో ఉన్న మేలు ఇదే. ఏ దారిలో అరుగుతాయో అవి ముందే రాసి చూపిస్తాయి. ఆ దారిని కొద్దిగా అరగదీసి, మళ్ళీ కొన్ని వారాలు చూశాక ఇక కొత్త చదునులు రాలేదు. ఆమె జొన్నరొట్టె నానబెట్టకుండానే తింటున్నారని వాళ్ళ అమ్మాయి చెప్పింది.

ఇక చివరి పళ్ళు. ఇన్ని నెలలు కుదురుకున్న కలయికను పోగొట్టుకోకుండా తాత్కాలిక పళ్ళను తీసి శాశ్వతమైనవి పెట్టడం ఎలా? అన్నీ ఒకేసారి తీసేస్తే దవడను ఆపే ఆధారం ఒక్కటీ మిగలదు, ఎత్తు మళ్ళీ అంచనా అవుతుంది. అందుకే తాత్కాలిక పళ్ళను మొదటినుంచే కుడి వెనక, ఎడమ వెనక, ముందు అని భాగాలుగా తయారుచేసుకుంటాం. ముందుగా తాత్కాలిక పళ్ళన్నీ నోట్లో ఉండగానే పైవరుసను, కింది వరుసను, వాటి బైట్‌ను స్కాన్ చేసి దాచుకుంటాం. తరవాత కుడిపక్కవి మాత్రమే పైనా కిందా తీసి, చిగుళ్ళ అంచులను సరిచేసుకుని, ఆ పక్కను స్కాన్ చేస్తాం. ఎడమపక్కా, ముందుభాగమూ ఇంకా తాత్కాలిక పళ్ళతోనే ఉన్నాయి కాబట్టి రోగి కరిచినప్పుడు దవడ పాత ఎత్తులోనే ఆగుతుంది, ఆ స్థితిలో బైట్ స్కాన్ తీస్తాం. కుడివైపు తాత్కాలిక పళ్ళను మళ్ళీ పెట్టి, ఎడమవైపు కూడా అలాగే చేస్తాం. ముందుపళ్ళు చివర. సాఫ్ట్‌వేర్ ఈ ముక్కలన్నిటినీ మారని పళ్ళ ఆధారంగా మొదటి స్కాన్ మీద కూర్చోబెడుతుంది. అప్పుడు తెరమీద అరగదీసిన పళ్ళు లోపలా, ఆమె నాలుగు నెలలు వాడిన పళ్ళు పలచని నీడలా పైనా కనిపిస్తాయి. ఆ నీడను నింపడమే టెక్నీషియన్ పని. కోరపన్ను లోపలివైపు వాలు, దౌడపళ్ళ గుంటల లోతు, ముందుపళ్ళ మీద కింది పళ్ళు జారే దారి, అన్నీ ఆమె నోరు ఒప్పుకున్నవే.

పాత రోజుల్లో ఇదే పనిని ప్లాస్టర్ అచ్చులను మార్చి మార్చి ఆర్టిక్యులేటర్‌కు ఎక్కించి, ముందుపళ్ళ దారిని రెసిన్ ముద్దలో గీయించి చేసేవారు. మా గురువుల చేతుల్లో అది అద్భుతంగా వచ్చేది. అయితే ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు ఉబ్బుతుంది, మైనం వేడికి కదులుతుంది, ఒక్కో మెట్టులో కొద్ది కొద్దిగా తేడా చేరుతుంది, అందరి చేతులూ ఒకటి కావు. డిజిటల్ పద్ధతి ఆ మెట్లను తగ్గించింది. ఒక మంచి చేతికి మాత్రమే సాధ్యమైనది, జాగ్రత్త ఉన్న చాలా చేతులకు సాధ్యమయ్యేలా చేసింది.

పదార్థాల గురించి కొద్దిగానే చెబుతాను. ఆమెకు వెనక జిర్కోనియా, ముందు లిథియం డైసిలికేట్ అనే పింగాణీ రకాలు వాడాం. జిర్కోనియాను సుద్దలా మెత్తగా ఉన్న దశలో మిల్లింగ్ చేసి, సుమారు 1500 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడది 20 నుంచి 25 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి యంత్రం ముందే ఆ లెక్కన పెద్దదిగా చెక్కుతుంది. నోట్లో సర్దుబాటు కోసం జిర్కోనియాను అరగదీసినప్పుడు దాన్ని మళ్ళీ అద్దంలా పాలిష్ చేయకపోతే గరుకుగా మిగిలిన ఆ చోటు ఎదుటి పన్నును తినేస్తుంది. ఇక ఫ్లోరోసిస్ ఎనామెల్ పైపొర ఆమ్లానికి తేలిగ్గా లొంగదు, కింది పొర గుల్ల. కాబట్టి అతికించే పళ్ళకు దాని మీద పట్టు అంత సులువుగా దొరకదు. డిజైన్ ఎంత బాగున్నా, అతికించే రోజున పన్ను చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పలచని రబ్బరు తెర కట్టి, తడి తగలకుండా ఓపిగ్గా చేయని పని నిలవదు.

‘ఒక్క రోజులో’ అనే ప్రకటనల గురించి ఇప్పుడు సూటిగా చెప్పగలను. ఒక పన్నుకు, రెండు పళ్ళకు ఒక్క రోజులో క్యాపు వేయడం మంచి సౌకర్యం, పక్కపళ్ళు బైట్‌ను నిలిపి ఉంచుతాయి కాబట్టి ప్రమాదం లేదు. నోరంతా మార్చేటప్పుడు అలా నిలిపే పన్ను ఒక్కటీ ఉండదు. ఎత్తు కొత్తది, దవడ స్థానం కొత్తది, కండరాలకు ఇంకా తెలియనిది. యంత్రం ఇరవై ఎనిమిది క్యాపులను ఒక రోజులో చెక్కగలదు కానీ, ఆ మనిషి కండరాలు ఒక రోజులో జవాబు చెప్పలేవు. ఎవరైనా తాత్కాలిక దశ లేకుండా నేరుగా శాశ్వతమైనవి పెడతామంటే, ఈ ఎత్తు నాకు పడుతుందని మీరు ఎలా తెలుసుకున్నారు అని అడగడం రోగి హక్కు. ఖర్చు విషయంలోనూ ఒక మాట. జిల్లా కేంద్రంలోని దంతవైద్యుడికి మిల్లింగ్ యంత్రం సొంతంగా ఉండనక్కరలేదు. మంచి స్కాన్, మంచి బైట్ రికార్డు, మంచి ఫోటోలు ఉంటే హైదరాబాదులోని ల్యాబ్ మిగతాది చేస్తుంది. డిజైన్ మీద టెక్నీషియన్‌తో వీడియో కాల్‌లో కూర్చుని పన్ను పన్నునూ తిప్పి చూసుకునే అరగంట, ఏ యంత్రం కొన్నా రాని లాభం తెస్తుంది.

పని పూర్తయ్యాక రాత్రిపూట పెట్టుకునే గట్టి స్ప్లింట్ ఆమెకు ఇచ్చాం, ఎందుకంటే పళ్ళు కొరికే అలవాటు క్యాపులతో పోదు. ఆరు నెలలకొకసారి వచ్చినప్పుడు మళ్ళీ స్కాన్ తీసి, మొదటి రోజు స్కాన్ మీద పెట్టి చూస్తాం. ఎక్కడ అరిగిందో, ఎక్కడ పన్ను జరిగిందో రంగుల్లో తెలుస్తుంది. కంటికి తెలియకముందే, నొప్పి రాకముందే సరిచేసుకోవచ్చు.

ఇలాంటి చికిత్స చేయించుకుంటున్నవారు, చేయించుకున్నవారు ఒక పని తప్పకుండా చేయండి. మీరు ఒప్పుకున్న తాత్కాలిక పళ్ళ స్కాన్‌నూ, చివరి డిజైన్‌నూ, వాటి బైట్‌తో సహా ఎస్టీఎల్ అనే త్రీడీ ఆకారాల ఫైళ్ళుగా మీ వైద్యుడిని అడిగి తీసుకుని, ఎక్స్‌రేలతోపాటు భద్రపరచుకోండి. పదేళ్ళ తరవాత ఏ క్యాపు విరిగినా, మీరు అప్పటికి కరీంనగర్‌లో ఉన్నా, కాకినాడలో ఉన్నా, పిల్లల దగ్గర అమెరికాలో ఉన్నా, అక్కడి వైద్యుడు ఆ ఒక్క పన్నునే అదే ఎత్తులో, అదే ఆకారంలో మళ్ళీ చేసి పెట్టగలడు.